చాటెడు తవుడు

రాజ్యం చేసిన తప్పు చూడ్డానికి చాలా చిన్నది. ఒక పొద్దున ఒక మాట చెప్పలేదు, అంతే. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు, ఒకరి నోటికాడి కూడు లాక్కోలేదు. అయినా ఆ మాట పన్నెండేళ్ళు ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయింది, కక్కలేకపోయింది.

బాన్సువాడలో మిషను వాళ్ళ అనాథ పిల్లల హోము ఊరికి ఒక చివర, బిచ్కుంద బాట మీద ఉండేది. ఒక పెంకుటిల్లు, చుట్టూ మట్టిగోడ, ఒక ఆవు, పంతొమ్మిది మంది పిల్లలు. రాజ్యం అక్కడ ఆయా. మొగుణ్ణీ ఇద్దరు పిల్లలనూ గత్తర రోగం ఒకే వారంలో ఎత్తుకుపోతే, దిక్కులేక వచ్చిన మనిషిని ఆ హోము నడిపే పాదిరి దేవదానం అయ్యగారు చేరదీశాడు. పని ఇచ్చాడు, బాప్తిస్మం ఇచ్చాడు. రాజ్యం ప్రభువును నిజంగానే నమ్మింది. ప్రార్థనలో ఆమె కార్చే కన్నీళ్ళు దొంగ కన్నీళ్ళు కావు. కానీ పుట్టినప్పటి నుంచీ ఒంట్లో ఇంకిన భయాలు ఒక్క మునకతో పోతాయా? పోవు. పోయాయని చెప్పేవాళ్ళను నేను నమ్మను.

అయ్యగారు మాత్రం నమ్మేవాడు. ఈ విషయాల్లో ఆయనకు దయాదాక్షిణ్యాలు లేవు. కిందటేడు వంట పండరి పీర్ల పండుగలో పీరు ఎత్తుకుని ఊరేగాడని తెలిసి, పొద్దుగుంకేలోపల మూటాముల్లె సర్దించి గేటు బయట నిలబెట్టాడు. పదకొండేళ్ళు వండిపెట్టినవాడు. ఇప్పుడు మద్నూర్ అంగట్లో బస్తాలు మోస్తున్నాడని, దగ్గు పట్టుకుందని చెప్పుకునేవాళ్ళు. రాజ్యం ఆ మూటను మరవలేదు.

రాజ్యానికి లోకంలో మిగిలిన చుట్టం ఒక్కతే, చచ్చిపోయిన చెల్లెలి కూతురు గంగమణి. ఊళ్ళోనే కూలోళ్ళ వాడలో ఉండేది. మొగుడు నర్సింలు పటేలు దగ్గర జీతగాడు. గంగమణికి వరసగా ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ నెల తిరగకుండానే పోయారు. వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పయ్యారు వానకాలంలో నాలుగోసారి ఆడపిల్ల పుట్టింది.

"పెద్దవ్వా, గీ పిల్ల గూడ పోతే నేను బాయిల దుంకుత," అంది గంగమణి.

"ఊకో. పెంట మీద ఏద్దం. నేనే ఎత్తుకుంట," అంది రాజ్యం.

"నువ్వు కిరస్తానంల గలిస్తివి గదా?"

"కిరస్తానం నా పానానికి. గీ పిల్ల పానానికి గిదే మందు."

ఆ మందు అందరూ ఎరిగిందే. పుట్టిన పిల్లలు దక్కని తల్లి, బిడ్డను తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టి వెనక్కి చూడకుండా వచ్చేయాలి. ఇంకో ఇంటి మనిషి ఎత్తుకోవాలి. అప్పుడు తల్లి చాటెడు తవుడు పట్టుకుపోయి, 'నీ బిడ్డను నాకు అమ్ముతవా' అని అడిగి, తవుడు పోసి కొనుక్కోవాలి. చావు పక్కనే నిలబడి వింటుందట. ఇది ఈమె కన్నది కాదు, తవుడుకు కొన్నది, దీన్ని తీసుకుపోతే ఎవరు ఏడుస్తారు అనుకుని దాని దారిన అది పోతుందట. ఒక్కటే కట్టడి. తవుడు చేతులు మారేదాకా కన్నతల్లి నోట 'నా బిడ్డ' అనే మాట రాకూడదు. వచ్చిందా, చావు విన్నట్టే. ఇలా దక్కిన పెంటవ్వలూ పెంటయ్యలూ ఊరికి పదిమంది ఉన్నారు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, ముగ్గురు పిల్లలను పూడ్చిపెట్టిన తర్వాత నవ్వండి.

సోమవారం పొద్దున మొదటి గంట కొట్టగానే, హోము గోడ వెనక ఉన్న పెంట మీద అని అనుకున్నారు. అయ్యగారు డోంగ్లి వైపు పల్లెలకు పోయి ఉన్నాడు, గురువారం దాకా రాడు. హోములో ఉన్న పెద్దమనిషల్లా హార్లో దొరసాని.

ఈ దొరసాని ఇంగ్లండు నుంచి వచ్చి మూడు వారాలైంది. ఇరవై నాలుగేళ్ళ పెళ్ళికాని పిల్ల. జీతం లేదు, భత్యం లేదు. అనాథ పిల్లలకు ఆరు నెలలు సేవ చేసి పోతానని ఓడెక్కి వచ్చింది. ఓడలో పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న తెలుగు, అది కూడా గ్రంథాల తెలుగు. గజ్జి పిల్లల పుండ్లు తన చేత్తో కడిగేది. రాజ్యం ముక్కు మూసుకునే చోట ఆమె పాట పాడేది. ఆమె చెడ్డదైతే ఈ కథ చెప్పడం నాకెంతో తేలికయ్యేది. కాదు, మంచిది.

సోమవారం గంట కొట్టారు. ఆ సమయానికే ఒక పిల్లవాడు పరుపంతా వాంతి చేసుకున్నాడు. రాజ్యం వాణ్ణి కడిగి, పక్క మార్చి, చేతులు తుడుచుకుని గోడ వైపు పరుగెత్తేసరికి, దొరసాని ఎదురొచ్చింది. పొద్దున్నే గోడ చుట్టూ తిరగడం ఆమె అలవాటు. ఆమె తెల్ల తువాలులో గంగమణి పిల్ల ఉంది.

"రాజ్యమూ, చూడుము. పెంటకుప్ప మీద ఎవరో పారవేసిరి. ఒక్క చీమయైనను కుట్టలేదు. దేవుడు మనకు ఈ శిశువును ఇచ్చెను," అంది దొరసాని. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

రాజ్యం ఆ నిమిషంలో చెప్పేయాల్సింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఎత్తుకోవాల్సింది తానేనని చెప్పాలంటే, ఎత్తుకోమని చెప్పింది కూడా తానేనని చెప్పాలి. గురువారం అయ్యగారు వస్తాడు. పండరి మూట కళ్ళముందు మెదిలింది. సరే, ఇప్పుడు ఊరుకుందాం, దొరసాని స్నానం చేయించి పడుకోబెడుతుంది, ఎట్లాగో పిల్లను గోడ దాటిస్తాను అనుకుంది. పిరికివాళ్ళకు ఆలోచనలకేం తక్కువ?

ఇంతలో గేటు దగ్గర గంగమణి వచ్చి నిలబడింది. చంకలో చాట, చాటలో తవుడు. తన పిల్ల రాజ్యం చేతిలో కాకుండా దొరసాని చేతిలో ఉండటం చూసి ముందు తడబడింది. తర్వాత మొహం విప్పారింది. దొరసాని ఎత్తుకుంటే ఇంకా మంచిదే కదా. చావు మాత్రం దొరల జోలికి వస్తుందా?

ముందుకు వచ్చి, చాట రెండు చేతులతో పట్టి, నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టే అడిగింది.

"దొరసానీ, నీ బిడ్డను నాకు అమ్ముతవా?"

బిడ్డ అనే మాట దొరసానికి వచ్చు. అమ్మడమూ వచ్చు. ఆమె మొహం కందగడ్డలా అయింది. ఈ దేశంలో ఆడపిల్లలను కొనుక్కుపోయి పాడు పనులకు పెంచేవాళ్ళు ఉంటారని, ఓడెక్కే ముందు ఎవరో పెద్దవాళ్ళు ఆమెకు మరీమరీ చెప్పి పంపారు.

"శిశువును అమ్ముటయా?" అంది, పిల్లను రొమ్ముకు అదుముకుని. "రాజ్యమూ, ఈ స్త్రీ ఎవరు? నీవు ఎరుగుదువా?"

గంగమణి నవ్వుతూ పెద్దవ్వ వైపు చూసింది. చెప్పు అన్నట్టుగా.

"ఎరుగనమ్మా," అంది రాజ్యం.

గంగమణి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. అర్థం కాలేదు ఆమెకు. ఇది కూడా తంతులో భాగమే కాబోలు అనుకుందో ఏమో, ఇంకా దగ్గరికి వచ్చింది.

"చాటెడు సాలదా దొరసానీ? ఇంకో చాట తెస్త. గీ తవుడు మంచిది, నిన్ననే దంపిన."

"పొమ్ము! నీవు ఇచటినుండి పొమ్ము!"

పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపుకు గంగమణి రవిక ముందు భాగం పాలతో తడిసిపోయింది. అది చూసైనా దొరసాని తెలుసుకోవాల్సింది. పెళ్ళికాని పిల్ల, ఆమెకేం తెలుసు? రాజ్యానికి తెలుసు. రాజ్యం చూసింది, చూసి తలకాయ దించుకుంది.

ఒక్క మాట అంటే చాలు గంగమణి. నా బిడ్డ అంటే చాలు, రవికే సాక్ష్యం చెప్పేది. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. కింది పెదవి పళ్ళతో పట్టుకుని నెత్తురు వచ్చేదాకా కొరికింది కానీ అనలేదు. అంటే పిల్ల చస్తుంది. ముగ్గురు చచ్చారు. చాట గేటు ముందు దించి, వెనక్కి వెనక్కి నడుస్తూ పోయింది. కాసేపటికి ఆవు వచ్చి ఆ తవుడు తినేసింది.

దొరసాని ఇక క్షణం ఆగలేదు. కొనడానికి వచ్చినవాళ్ళు ఎత్తుకుపోవడానికీ వస్తారని ఆమె భయం. ఆ పొద్దే మోటారులో నిజామాబాదుకు, అక్కడినుంచి రైల్లో సికింద్రాబాదుకు, అక్కడ మిషను వాళ్ళదే పెద్ద హోముకు పిల్లను చేరుస్తానంది. రాజ్యం పిల్ల గుడ్డలు మడతపెట్టి ఇచ్చింది. పాల సీసా వేడినీళ్ళతో కడిగి ఇచ్చింది. మోటారు దాకా సంచీ మోసింది. మోటారు కదిలేదాకా నోరు ఆమె దగ్గరే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు.

పొద్దెక్కాక ఖాళీ చాట పట్టుకుని వాడకు పోయింది. గంగమణి గడప మీద కూర్చుని ఉంది. నర్సింలు పొలంలో ఉన్నాడు.

"ఏదీ?" అంది గంగమణి.

రాజ్యం చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. గంగమణి తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది.

"తవుడు తీసుకున్నదా?" అని అడిగింది.

"ఆవు తిన్నది."

"గట్లయితే బేరం కాలే." చాట తీసుకుని పక్కన పెట్టుకుంది. "అయ్యగారు రాంగనే చెప్తవా పెద్దవ్వా? నువ్వే చెప్పాలె. నేను అననీకి లేదు."

"చెప్త. పానం పోయినా చెప్త."

గురువారం అయ్యగారు వచ్చాడు. రాజ్యం మూడుసార్లు ఆయన వరండా ఎక్కింది. మొదటిసారి ఆవుకు గడ్డి అయిపోయిందని చెప్పి దిగింది. రెండోసారి సబ్బు కావాలంది. మూడోసారి ఆయనే, ఏం రాజ్యం, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందయ్యా అని వచ్చేసింది. రేపు చెబుతాను అనుకుంది. రేపు అనేది వారమైంది, నెలైంది. నర్సింలు మాత్రం ఒకసారి పటేలు కాళ్ళ మీద పడ్డాడు. దొరల పిల్లతో నీకేం పనిరా అని పటేలు తరిమాడు.

దొరసాని ఆరు నెలలు నిండగానే ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. పోయేముందు సికింద్రాబాదు హోము నుంచి కాగితం వచ్చిందని రాజ్యానికి ఎంతో సంబరంగా చెప్పింది. పిల్ల బొద్దుగా ఉందట, పన్ను కూడా వచ్చిందట. కృప అని పేరు పెట్టారట. రాజ్యం ఆ కబురు పట్టుకుని వాడకు పరుగెత్తింది. తన చేతిలో గంగమణికి ఇవ్వడానికి ఉన్నది అదొక్కటే.

"ఆరు నెలలాయె. బతికున్నదా?" అంది గంగమణి. తర్వాత మెల్లగా అంది, "ముగ్గుర్ని నాది నాది అన్న. పోయిండ్రు. దీన్ని అనలే. బతికింది. ఇగ నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు పెద్దవ్వా. గట్లనే బతుకనీ."

ఇంకేం, రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. చెప్పనక్కర్లేదు, చెప్పొద్దని తల్లే అంది. ఆ సంతోషం నాలుగు రోజులుంది. ఐదోరోజు ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండగా, తానెందుకు సంతోషపడిందో తనకే తెలిసింది. ఆ తర్వాత ఆమె కమ్యూనియన్ రొట్టె నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ అది గొంతులో అడ్డం పడేది.

గంగమణికి మళ్ళీ కాన్పు కాలేదు. నర్సింలు బోధన్ చక్కెర కార్ఖానాలో కూలికని పోయి తిరిగి రాలేదు. ఆమె ఒక్కతే చెరుకు గానుగల దగ్గర పనిచేసుకుంటూ బతికింది. అయ్యగారు చనిపోయి, మెత్తని మనిషి ఒకాయన కొత్త అయ్యగారుగా వచ్చాడు. పెద్ద యుద్ధం వచ్చి పోయింది.

నలభై ఎనిమిదో సంవత్సరం చివర్లో హోము పిల్లలతో కిక్కిరిసిపోయింది. ఆ రెండేళ్ళలో ఊళ్ళ మీద పడ్డ గోలలో తల్లీతండ్రీ పోయినవాళ్ళు, ఇళ్ళు కాలినవాళ్ళు. క్రిస్మసు ముందు, వాళ్ళకు వారం రోజులు సేవ చేసి పోవడానికని సికింద్రాబాదు పెద్ద హోము నుంచి ఎనిమిది మంది ఆడపిల్లలు ప్రేమల అనే టీచరమ్మ వెంట వచ్చారు. తెల్ల గౌన్లు, రెండు జడలు. వచ్చిన పూటే చిన్నపిల్లల తలలకు నూనెలు పెట్టి పేలు తీయడం మొదలుపెట్టారు.

"ఈ పిల్ల మీ ఊరిదే ఆయమ్మా," అంది టీచరమ్మ, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పిల్ల భుజం పట్టుకుని. "ఇక్కడే దొరికిందట. కృప."

రాజ్యం గంజి గిన్నె పక్కన పెట్టి పిల్ల మొహం చూసింది. అది అచ్చం గంగమణి నుదురు.

ఇప్పుడు ఎవరి భయమూ లేదు. పండరిని వెళ్ళగొట్టిన అయ్యగారు లేడు. తనకూ అరవై దగ్గర పడ్డాయి, ఇంకెక్కడికి వెళ్ళగొడతారు? చెప్పేస్తాను, ఈ ముల్లు తీసేసుకుంటాను అనుకుంటూ రాజ్యం గానుగ దగ్గరికి పరుగులాంటి నడకతో పోయింది. గంగమణి పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోస్తోంది.

"వచ్చింది. నీ బిడ్డ వచ్చింది. నడువు!"

గంగమణి లేచి రాజ్యం నోరు మూసింది. మసి చేత్తోనే మూసింది.

"గట్లనకు. అనకు పెద్దవ్వా." తర్వాత చేయి తీసి అడిగింది, "మంచిగున్నదా? నడుస్తున్నదా? కండ్లు మంచిగ కనవడ్తున్నయా?"

"నీ లెక్కనే ఉన్నది. రా, చెప్తాం. పెంట మీద పారేసిండ్రనుకుంటున్నది గా పిల్ల."

"అనుకోనీ," అంది గంగమణి. "దొరసాని వచ్చిందా?"

"ఆమె ఇంగ్లండుల ఉన్నది. ఇగ రాదు."

"ఎత్తుకున్నామె లేకుంటే ఎవలు అమ్ముతరు? కొనకుంట నాదెట్లయితది?"

"పన్నెండేండ్లాయెనే. ఇంకేం తవుడు, ఇంకేం బేరం? నా పానం తల్లడిల్లుతున్నది. చెప్పనియ్యి."

"నీ బరువు దించుకునేటందుకు దాని పానం తీస్తవా?" అంది గంగమణి. కోపంగా అనలేదు. "గప్పుడు చెప్పుమంటె చెప్పకపోతివి. ఇప్పుడు వద్దంటున్న. గిప్పుడన్న నా మాట విను."



మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర సికింద్రాబాదు పిల్లలు బీదాబిక్కీకి పాత బట్టలు పంచారు. వరసలో చివర గంగమణి నిలబడి ఉంది. తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టింది. చంకలో చాట ఉంది. చాటలో తవుడు. అమ్మేవాళ్ళు లేరని తెలిసి కూడా తెచ్చింది. రాజ్యం గోడకు ఆనుకుని చూస్తోంది.

గంగమణి వంతు వచ్చింది. కృప ఒక గళ్ళ చద్దరు తీసి ఇచ్చింది.

"నీ పేరేంది?" అంది గంగమణి. ఊళ్ళో ఎవరింటి పిల్లనైనా బిడ్డా అని పిలిచే మనిషి ఆమె. ఆ మాట మాత్రం మింగేసింది.

"కృప."

"మంచిగున్నది."

"చాటలో ఏంటవ్వా అది?"

"తవుడు. కొననీకి తెచ్చిన. అమ్మేటామె లేదట."

కృపకు అర్థం కాలేదు. ముసలమ్మకు కాస్త మతి లేదేమో అనుకున్నట్టు నవ్వి, చలిగా ఉందని చద్దరు తానే విప్పి గంగమణి భుజాల మీద కప్పింది. గంగమణికి ముప్పై ఆరేళ్ళు. ఆ చేతులు భుజం మీద ఉన్నంతసేపూ ఆమె ఊపిరి తీసుకోలేదు. తర్వాత వెళ్ళి బాటకు అవతల నిలబడింది.

సందడి సద్దుమణిగాక కృప రాజ్యం దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మా, నన్ను పారేసిన చోటు చూపిస్తారా? హార్లో అమ్మగారు నా ప్రతి పుట్టినరోజుకూ ఉత్తరం రాస్తారు. దేవుడు నిన్ను పెంట మీద నుంచి ఎత్తాడు, మరిచిపోకు అని."

రాజ్యం తీసుకుపోయింది. గోడ వెనక, గేటుకు కనుచూపు మేరలోనే. పెంట అప్పటిలాగే ఉంది, పెంటలో ఏం మారుతుంది. ఆ పిల్ల దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"మా హోములో అందరికీ అమ్మలు చచ్చిపోయారు ఆయమ్మా," అంది. "నన్నొక్కదాన్నే పారేసింది. నేనేం చేశానని?"

రాజ్యం నోరు తెరిచింది. పన్నెండేళ్ళ ముల్లు నాలుక కొసకు వచ్చింది. నిన్నెవరూ పారేయలేదే తల్లీ అనబోతూ తలెత్తింది. బాటకు అవతల గంగమణి చద్దరు కప్పుకుని ఇటే చూస్తోంది. రెండు చేతులూ తన నోటి మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతోంది.

"నాకు తెల్వదు బిడ్డా," అంది రాజ్యం.

తిరిగి వచ్చేసరికి గేటు ముందు చాట ఉంది. గంగమణి లేదు.

"అయ్యో, ఆ పిచ్చి అవ్వ చాట మరిచిపోయింది," అంది కృప.

"మర్వలేదు. నీకే ఇచ్చి పోయింది."

"నాకా? తవుడు నేనేం చేసుకోను?" అని నవ్వి, ఆ పిల్ల చాట ఎత్తుకుని పోయి తవుడంతా ఆవు ముందు పోసింది. ఆవు తినేదాకా దాని మెడ నిమురుతూ నిలబడింది. తర్వాత రాజ్యం ఖాళీ చాట చంకన పెట్టుకుని వాడ వైపు నడిచింది.